తొమ్మిది మంది, ఏడు రాత్రులు, ఒకే ఊరు: బెనిడోర్మ్ కేస్ స్టడీ

హైదరాబాద్‌లో నేను ట్రిప్ ప్లానింగ్ పని మొదలుపెట్టి పదకొండేళ్లు. నా దగ్గరికి వచ్చే యూరప్ ఫైళ్లు చాలావరకు ఒకేలా ఉంటాయి. పది రోజులు, ఐదు దేశాలు, రోజుకో హోటల్. ఒకే ఊళ్లో, సముద్రం పక్కన వారం రోజులు ఉంటామని అడిగేవాళ్లు తక్కువ. అడిగినవాళ్లు కూడా రెండో ఫోన్‌కల్లా "అంత దూరం వెళ్లి ఊరికే కూర్చుంటామా అండీ?" అంటారు. ఇక బార్సిలోనా, పారిస్ ఒక్కొక్కటే వచ్చి చేరతాయి.

2025 మే చివరి వారంలో చేసిన ఈ ట్రిప్‌లో ఆ రెండో ఫోన్ రాలేదు. ఏడు రాత్రులూ స్పెయిన్ సముద్రతీరంలో ఉన్న బెనిడోర్మ్ అనే ఒకే ఊళ్లో గడిచాయి. కుటుంబం అనుమతితోనే ఇది రాస్తున్నాను, వాళ్ల పేర్లు మాత్రం చెప్పను. ఈ ట్రిప్‌తో నా పని పద్ధతే మారింది. ఇదివరకు బీచ్ ఊరికి ప్లాన్ వేయాలంటే ముందు చూడాల్సిన స్థలాలు రాసుకునేదాన్ని. ఇప్పుడు ముందు గంటలు రాసుకుంటున్నాను: ఇంట్లో ఎవరు ఎన్నింటికి లేస్తారు, ఎన్నింటికి తింటారు, ఎంతదూరం నడవగలరు, ఎన్నింటికి పడుకుంటారు. ఆ తర్వాతే హోటల్ వెతుకుతాను.

కుటుంబం

పెద్దాయనకు 70 ఏళ్లు, రిటైరైన లెక్చరర్. షుగర్ ఉంది, కుడి మోకాలు నొప్పి. చదునుగా ఉంటే గంటసేపు నడుస్తారు కానీ మెట్లు దిగాలంటే భయం. ఆయన భార్యకు 64. పూర్తి శాకాహారం, గుడ్డు కూడా ముట్టరు. కొడుకు, కోడలు హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగులు. వాళ్లకు పదమూడేళ్ల అమ్మాయి, ఎనిమిదేళ్ల బాబు. కూతురు, అల్లుడు మాంచెస్టర్ దగ్గర ఉంటారు, వాళ్లకు ఐదేళ్ల బాబు.

ఊరు ఎంచుకున్నది కూతురే. ఆఫీసులో సగం మంది ఏటా అక్కడికే వెళ్తారని, మాంచెస్టర్ నుంచి ఆ ఊరికి దగ్గర్లోని అలికాంతెకు డైరెక్ట్ ఫ్లైట్ ఉందని, ఊరు రాత్రి పగలు సందడిగా ఉంటుందని చెప్పింది. కొడుక్కి బార్సిలోనా మీద మనసు. మొదటి జూమ్ కాల్‌లో అన్నాచెల్లెళ్లిద్దరూ ముప్పావుగంట వాదించుకున్నారు. చివర్లో నేను పెద్దావిడను అడిగాను: "ఆంటీ, మీకేం కావాలి?" ఆవిడ ఒక్క మాట అన్నారు. "చిన్నవాణ్ణి చూసి రెండేళ్లయిందమ్మా. వాడితో ఉంటే చాలు."

ఈ ఫైల్‌లో నేను ఎర్ర ఇంకుతో రాసుకున్న వాక్యం అదొక్కటే. రోజుకో ఊరు తిరిగితే ఐదేళ్ల పిల్లాడు కారులో నిద్రపోతాడు, అమ్మమ్మ పక్కన కూర్చుని వాడి మొహం చూస్తుంది. ఒకే చోట ఉంటే వాడు లేచినప్పటి నుంచి పడుకునే దాకా ఆవిడ దగ్గరే ఉంటాడు. ఇది చెప్పాక కొడుకు బార్సిలోనా మాట ఎత్తలేదు.

తేదీలు, సముద్రం చలి

తెలంగాణ బడులు జూన్ 12న తెరుస్తారు. ఇంగ్లండ్ బడులకు వేసవి సెలవులు మొదలయ్యేది జూలై చివర్లో. ఇద్దరికీ కలిసొచ్చేది ఇంగ్లండ్‌లో మే చివరి వారం ఇచ్చే హాఫ్‌టర్మ్ సెలవు ఒక్కటే. అంటే మే 24 శనివారం నుంచి 31 శనివారం దాకా. బ్రిటన్‌లో పిల్లలున్న ఇళ్లన్నీ ఆ వారమే బయల్దేరతాయి కాబట్టి టికెట్ ధరలు బాగా పెరుగుతాయి. వేరే దారి లేదు. కూతురి టికెట్లు ఫిబ్రవరిలోనే కొనిపించాను.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది సముద్రం. మన వాళ్లకు బీచ్ అంటే విశాఖ, సూర్యలంక, మహా అయితే గోవా. మే నెలలో బంగాళాఖాతం నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి. మధ్యధరా సముద్రం అలా కాదు. శీతాకాలంలో చల్లబడ్డ నీళ్లు వేడెక్కడానికి వేసవంతా పడుతుంది. బెనిడోర్మ్ దగ్గర ఆగస్టులో నీళ్లు 26 డిగ్రీల దాకా వెళ్తాయి గానీ, మే చివర్లో 19, 20 దగ్గరే ఉంటాయి. ఎండ మాత్రం మండుతూ ఉంటుంది. ఫోటోలు చూస్తే నీళ్లు కూడా వెచ్చగా ఉంటాయనే అనిపిస్తుంది. పిల్లలు ఉరుకుతూ వెళ్లి, మోకాలి లోతులోంచే కేక పెట్టి వెనక్కి వస్తారు.

అందుకని హోటల్ షరతుల్లో మొదటిది "నీళ్లు వేడిచేసే స్విమ్మింగ్ పూల్" అయింది. ఇక్కడో జాగ్రత్త. చాలా చోట్ల 'హీటెడ్ పూల్' అని రాసి, వేడిచేసేది నవంబరు నుంచి ఏప్రిల్ వరకే అని చిన్న అక్షరాల్లో పెడతారు. "మే 24 నుంచి 31 వరకు మీ పూల్ నీళ్లు ఎన్ని డిగ్రీలు ఉంటాయి?" అని ఆరు చోట్లకు ఈమెయిల్ రాశాను. రెండు చోట్ల నుంచే నంబరుతో జవాబు వచ్చింది. మిగతా నాలుగూ తీసేశాను.

ఊరి స్వరూపం

బెనిడోర్మ్ స్పెయిన్ తూర్పు తీరంలో, అలికాంతె ప్రావిన్సులో, కోస్తా బ్లాంకా అనే తీరం మధ్యలో ఉంది. ఒకప్పుడు చేపల వేట మీద బతికిన చిన్న ఊరు. 1950ల్లో మేయర్‌గా ఉన్న పెద్రో సరగోసా ఒర్త్స్ దాని రాత మార్చారు. 1956లో ఊరంతటికీ ఒక ప్రణాళిక తయారైంది. దేశమంతా బికినీని తప్పుపట్టే రోజుల్లో తన బీచుల మీద దాన్ని అనుమతించారాయన. అందుకు ఒప్పించడానికి వెస్పా స్కూటర్ మీద మాడ్రిడ్ దాకా వెళ్లి అప్పటి నియంత ఫ్రాంకోను కలిశారని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. తర్వాత ఊరు అడ్డంగా కాకుండా నిలువుగా పెరిగింది. 2002లో తెరిచిన గ్రాన్ హోటల్ బాలి 186 మీటర్ల ఎత్తు. అప్పట్లో స్పెయిన్‌లో అంతకన్నా ఎత్తైన భవనం లేదు.

ఆ మేడల గురించి విసుక్కుంటూ రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఒక ప్లానర్‌గా నాకు వాటి మీద గౌరవమే. నిలువుగా కట్టారు కాబట్టే వేలమంది సముద్రానికి పది నిమిషాల నడకలో ఉండగలుగుతున్నారు. మోకాలు నొప్పి ఉన్న మనిషికి అది చాలా పెద్ద సంగతి.

బీచులు ముఖ్యంగా రెండు. మధ్యలో సముద్రంలోకి చొచ్చుకుపోయిన రాతి గుట్ట, దాని మీద పాత ఊరు. గుట్టకు తూర్పున లెవాంతె, సుమారు రెండు కిలోమీటర్లు. పడమరన పోనియెంతె, సుమారు మూడు. ఆ పేర్లకు అర్థం కూడా సూర్యుడు లేచే దిక్కు, వాలే దిక్కు అనే. ఊరి సందడంతా లెవాంతె వెనకే ఉంటుంది. దాని చివర కొండ వాలులో ఉన్న రింకోన్ ద లోయిష్ అనే పేట బ్రిటిష్ బార్లకు నెలవు. అక్కడ పాటలు తెల్లవారుజాము దాకా ఆగవు. పోనియెంతె వైపు స్పానిష్ కుటుంబాలు, పెన్షనర్లు ఎక్కువ. అక్కడి నడకదారి అలల్లా వంపులు తిరుగుతూ, రంగురంగుల పలకలతో 2009లో పూర్తయింది. బార్సిలోనా ఆర్కిటెక్ట్ కార్లోస్ ఫెర్రాతెర్ బృందం గీసిన డిజైన్ అది.

బస: మొదటి తప్పు, దాన్ని దిద్దుకోవడం

కూతురు "సందడి కావాలి" అంది కాబట్టి నేను మొదట రింకోన్ ద లోయిష్‌లో ఒక హోటల్ బుక్ చేశాను. రేటింగ్ బాగుంది, పూల్ వెచ్చన, భోజనం కలిపే ధర. మ్యాప్‌లో బీచ్‌కు 450 మీటర్లని ఉంది. రెండు రోజుల తర్వాత వీధి ఫోటోలు ఒక్కొక్కటే తెరిచి, హోటల్ గుమ్మం నుంచి ఇసుక దాకా తెర మీద నడుచుకుంటూ వెళ్లాను. సగం దారి వాలు. దిగేటప్పుడు పర్వాలేదు. మిట్టమధ్యాహ్నం ఎండలో, తడి తువ్వాలు భుజాన వేసుకుని ఆ ఎత్తు ఎక్కేది పెద్దాయన. రాత్రి పదికి పడుకునే ఇద్దరు పెద్దవాళ్ల కిటికీ కింద బార్ల వీధి ఉంది. ఆ బుకింగ్ అదే రోజు రద్దు చేశాను. ఉచితంగా రద్దు చేసుకునే గడువు ఉంది కాబట్టి డబ్బు పోలేదు.

తర్వాత కాగితం మీద గంటలు రాశాను. పెద్దవాళ్లు ఐదున్నరకు లేస్తారు. పెద్దాయన ఎనిమిదికి టిఫిన్, ఒంటిగంటకు భోజనం, రాత్రి ఎనిమిదికి తినాలి. షుగర్ మందుల లెక్క అది. పిల్లలు ఎనిమిదింటికి లేస్తారు. కూతురు, కోడలు వారంలో ఒక్క రాత్రయినా పిల్లలు లేకుండా బయటికి వెళ్లాలనుకుంటున్నారు. ఆ కాగితం చూస్తే జవాబు దానంతటదే వచ్చింది. పడక పోనియెంతెలో, సందడి లెవాంతెలో. రెంటి మధ్య నడక దూరమే. వెళ్లాలనుకున్నవాళ్లు వెళ్లి వస్తారు, మిగిలినవాళ్లు నిద్రపోతారు.

పోనియెంతెలో, పాత ఊరికి దగ్గరగా, వెచ్చటి పూల్ ఉన్న ఒకే భవనంలో రెండు అపార్ట్‌మెంట్లు తీసుకున్నాం. హోటల్ వద్దని అపార్ట్‌మెంట్‌కు మారడానికి కారణం వంటగది. లిఫ్ట్ నేరుగా వీధి మట్టానికి దిగుతుందా, మధ్యలో నాలుగు మెట్లున్నాయా అని విడిగా అడిగాను. బాల్కనీ తలుపుకు చిన్నవాడికి అందనంత ఎత్తులో గడియ ఉందా అని కూడా అడిగాను. 'సీ వ్యూ' అన్న మాట దగ్గర ఆగి చూసుకోవాలి. ఎదురుగా కనబడితే 'ఫ్రొంతాల్' అంటారు, పక్కకు వంగి చూస్తే కనబడేదాన్ని 'లాతెరాల్' అంటారు. ధరలో తేడా ఉంటుంది. పెద్దవాళ్ల అపార్ట్‌మెంట్‌కు ఎదురుగా కనబడేది, పిల్లలున్న దానికి పక్కది తీసుకున్నాం.

బార్సిలోనాలో లాగా రాత్రికి ఇంతని టూరిస్ట్ టాక్స్ ఇక్కడ లేదు. బెనిడోర్మ్ ఉన్న వాలెన్సియా ప్రాంత ప్రభుత్వం అలాంటి పన్ను కోసం చేసిన చట్టాన్ని అమలు కాకముందే రద్దు చేసింది. కానీ బసలో దిగేవాళ్ల వివరాల విషయంలో 2024 డిసెంబరు 2 నుంచి స్పెయిన్ నిబంధనలు కఠినమయ్యాయి. చిరునామా, ఫోన్, డబ్బు చెల్లించిన పద్ధతి, పిల్లలైతే వెంట ఉన్న పెద్దవాళ్లతో బంధుత్వం కూడా అడుగుతారు. తొమ్మిది మంది వివరాలు ఒక షీట్‌లో రాసి ముందే పంపించాను. అర్ధరాత్రి చేరినప్పుడు అది ఎంత పనికొచ్చిందో తర్వాత చెప్తాను.

వీసా

ఎక్కువ టెన్షన్ ఇక్కడే. హైదరాబాద్ నుంచి ఆరుగురు. యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెన్‌గెన్ వీసా రుసుము 2024 జూన్ నుంచి పెద్దలకు 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు 45. పదమూడేళ్ల అమ్మాయి పెద్దల లెక్కలోకి వస్తుంది. మొత్తం 495 యూరోలు, సెంటర్ సర్వీస్ చార్జీ అదనం. మనిషికి కనీసం 30,000 యూరోల మెడికల్ ఇన్సూరెన్స్ ఉండాలి. పెద్దాయనకు షుగర్ ఉంది కాబట్టి పాత జబ్బుల్లో ఎమర్జెన్సీని కూడా కలుపుకునే పాలసీ వెతికి తీసుకున్నాం.

ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో అపాయింట్‌మెంట్లు దొరకవని తెలుసు కాబట్టి మార్చి రెండో వారానికి తీసుకున్నాం. మా వాళ్లు తరచుగా చేసే పొరపాటు దరఖాస్తుకు వారం ముందు ఖాతాలో పెద్ద మొత్తం వేయడం. అలా వేస్తే అనుమానం వస్తుంది. పెద్దాయన పెన్షన్ ఖాతాను ఉన్నదున్నట్టే పెట్టి, ఖర్చు కొడుకు భరిస్తున్నాడని లేఖ రాయించి, కొడుకు మూడేళ్ల రిటర్నులు జతచేశాం. ప్లాన్ ఒకే ఊరు కావడం ఇక్కడ కలిసొచ్చింది. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటే ఆ దేశం వీసాకే దరఖాస్తు చేయాలి. ఐదు దేశాల ఫైళ్లలో ఆ లెక్కకే గంటలు పోతాయి. ఇక్కడ ఒక్క లైను.

కూతురు, అల్లుడివి ఇండియన్ పాస్‌పోర్టులు. బ్రిటన్‌లో ఉంటున్నా వాళ్లకూ షెన్‌గెన్ వీసా కావాలి. చిన్నవాడిది బ్రిటిష్ పాస్‌పోర్ట్, వాడికి అక్కర్లేదు. హైదరాబాద్ వీసాలు ఏప్రిల్‌లోనే వచ్చేశాయి. కూతురి వీసా మాత్రం ప్రయాణానికి ఆరు రోజుల ముందు చేతికొచ్చింది. అమ్మ రోజూ ఫోన్ చేసి "వచ్చిందా?" అని అడగడం, ఈ అమ్మాయి బాత్రూమ్‌లోకి వెళ్లి ఏడవడం. ఇప్పుడు బ్రిటన్‌లో ఉండేవాళ్లకు అపాయింట్‌మెంట్ దొరికాకే టికెట్ కొనమని చెప్తున్నాను, ధర పెరిగినా సరే.

ఆవకాయ, మామిడిపండ్లు, కుక్కర్

మే చివర అంటే కొత్తావకాయ, బంగినపల్లి. పెద్దావిడ పెట్టె సర్దేటప్పుడు నన్ను వీడియో కాల్‌లో పెట్టారు. మంచం మీద ఎడమ పక్క రెండు డజన్ల బంగినపల్లి పండ్లు ఒక్కోటి న్యూస్‌పేపర్లో చుట్టి ఉన్నాయి. కుడి పక్క రెండు కిలోల ఆవకాయ, కిలో నెయ్యి, పాలకోవా, చింతపండు, కందిపొడి, మామిడి తాండ్ర.

యూరప్ బయటి నుంచి వచ్చే పాల పదార్థాలు ప్రయాణికుల సామానులో అనుమతించరు. అంటే నెయ్యి, కోవా వెళ్లవు. తాజా పండ్లకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. 2019 డిసెంబరు నుంచి దీనికి మినహాయింపు ఐదింటికే: అనాస, కొబ్బరి, అరటి, ఖర్జూరం, డూరియన్. మామిడి ఆ ఐదింటిలో లేదు. ఆవిడకు చెప్పడం కష్టమైంది. ఏమీ అనకుండా ఒక్కో పండు చుట్టు విప్పి బుట్టలో పెట్టడం మొదలుపెట్టారు. "తాండ్ర వెళ్తుందాంటీ, ఆవకాయ కూడా వెళ్తుంది" అన్నాను. "తాండ్రలో ఏముందమ్మా" అన్నారు. చివరికి ఆవకాయ రెండు కిలోలకు బదులు నాలుగు కిలోలైంది. నూనె కారకుండా ఒక్కో సీసాను మూడు కవర్లలో చుట్టి చెక్-ఇన్ పెట్టెలో పెట్టించాను.

కుక్కర్ సంగతి ఇంకోటి. ఆవిడ పాత అల్యూమినియం కుక్కర్ పెట్టెలో పెట్టేశారు. స్పెయిన్ అపార్ట్‌మెంట్లలో గాజు పలక స్టవ్‌లు రెండు రకాలు ఉంటాయి, చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఒకటి లోపలి తీగ వేడెక్కేది, దాని మీద ఏ గిన్నె అయినా పనిచేస్తుంది. రెండోది ఇండక్షన్, అల్యూమినియం పెడితే అసలు వెలగదు. నేను యజమానిని స్టవ్ ఫోటో అడిగాను, కింద మోడల్ నంబరు కనబడేలా. ఇండక్షనే. ఫ్రిజ్ మీది అయస్కాంతం తీసి కుక్కర్ అడుగున పెట్టి చూడమన్నాను. అతుక్కోలేదు, జారి కింద పడింది. కోడలు స్టీలు కుక్కర్ తెచ్చింది, దానికి అతుక్కుంది. అదే వెళ్లింది.

నా రెండో తప్పు

హైదరాబాద్ కుటుంబం గల్ఫ్‌లో ఒక చోట విమానం మారి మాడ్రిడ్‌లో దిగాలి. అక్కడి నుంచి అలికాంతెకు హైస్పీడ్ రైల్లో రెండున్నర గంటలు. ఈ రైళ్లు ఇప్పుడు చమార్తీన్ స్టేషన్ నుంచి బయల్దేరతాయి. పాత సమాచారం చూసి అతోచా స్టేషన్‌కు వెళ్లి రైలు పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. ఆ పొరపాటు జరగనివ్వలేదు. విమానాశ్రయం నాలుగో టెర్మినల్ నుంచి లోకల్ రైలు నేరుగా చమార్తీన్ వెళ్తుందని రాసిచ్చాను.

కానీ దిగడానికి, రైలుకి మధ్య మూడు గంటలే ఇచ్చాను. విమానం గంటకు పైగా లేటయింది. ఇమిగ్రేషన్ లైను, సామాను, పెద్దాయన మెల్లగా నడవడం. వాళ్లు ప్లాట్‌ఫామ్‌కు చేరేసరికి రైలు వెళ్లిపోయింది. చౌకగా ఉన్నాయని నేను కొన్న టికెట్లు మార్చుకునేవి కావు. ఆరు కొత్త టికెట్లు, శనివారం సాయంత్రం ధరకు. అపార్ట్‌మెంట్‌కు చేరేసరికి రాత్రి పన్నెండు దాటింది. పెద్దాయన షుగర్ పడిపోకుండా కోడలు దారి పొడవునా బిస్కెట్లు పెడుతూనే ఉంది.

తప్పు నాది. బెనిడోర్మ్‌లోని ఏడు రాత్రులు కాక, హైదరాబాద్ వాళ్లకు మాడ్రిడ్‌లో రెండు రాత్రులు ఎలాగూ ప్లాన్‌లో ఉన్నాయి. రెండూ తిరుగు ప్రయాణంలో పెట్టాను. ఒకటి ముందు పెట్టాల్సింది. టికెట్ల తేడా నా ఫీజులోంచి తగ్గించాను.

ఆ రాత్రి పనిచేసినవి మూడు. వివరాల షీట్ ముందే పంపడం వల్ల తాళాలు కూతురికి మధ్యాహ్నమే ఇచ్చేశారు. అలికాంతె స్టేషన్ దగ్గర ముందే మాట్లాడిన వ్యాన్ డ్రైవర్ మెసేజ్ చూసి రెండు గంటలు ఆలస్యంగా వచ్చాడు. అలికాంతె నుంచి బెనిడోర్మ్‌కు ట్రామ్ కూడా ఉంది, గంటంబావు పడుతుంది, తీరం వెంట అందమైన దారి. కానీ దిగే స్టేషన్ ఊరికి ఎగువన ఉంటుంది, ఆరు పెట్టెలతో అది కుదిరే పని కాదు. మూడోది, పెద్ద సూపర్‌మార్కెట్లు కొన్ని ఆదివారం తెరవరని అల్లుడికి ముందే చెప్పి ఉంచాను. శనివారమే బియ్యం, పెరుగు, కూరగాయలు తెచ్చి పెట్టాడు. తలుపు తెరిచేసరికి అన్నం, చారు వాసన వచ్చిందని కోడలు తర్వాత చెప్పింది. మనవడు సోఫాలో నిద్రపోతున్నాడట. అమ్మమ్మ చెప్పులు కూడా విప్పకుండా వాడి పక్కన కూర్చుండిపోయారట.

రెండు గంటలకు నడినెత్తిన సూర్యుడు

ఈ ఊరికి ప్లాన్ వేసే ఎవరైనా గుర్తుంచుకోవాల్సిన విషయం ఇది. బెనిడోర్మ్ దాదాపు గ్రీనిచ్ రేఖ మీదే ఉంది. కానీ స్పెయిన్ గడియారం మధ్య యూరప్ టైమ్, అంటే గ్రీనిచ్ కన్నా గంట ముందు, వేసవిలో దానికి ఇంకో గంట ముందు. అందుకని మే నెలలో సూర్యుడు నడినెత్తికి వచ్చేది మధ్యాహ్నం రెండింటికి. సూర్యాస్తమయం రాత్రి తొమ్మిదింబావుకి. మన అలవాటు ప్రకారం నాలుగైంది, ఎండ తగ్గింది అనుకుని బీచ్‌కు బయల్దేరితే, అది మన ఊళ్లో మధ్యాహ్నం రెండు గంటల ఎండతో సమానం.

అందుకే రోజును ఇలా కట్టాను. ఉదయం తొమ్మిది నుంచి పదకొండున్నర వరకు బీచ్. ఒంటిగంటకు ఇంట్లో భోజనం. ఐదు దాకా నిద్ర, పూల్, పేకాట. ఐదున్నర నుంచి తొమ్మిది దాకా మళ్లీ బయటికి. స్పానిష్ వాళ్ల రోజు కూడా దాదాపు ఇలాగే నడుస్తుంది. మన పల్లెల్లో వేసవి రోజు కూడా ఇంతే కదా.

పదమూడేళ్ల అమ్మాయి సోమవారం ఈ లెక్క పాటించలేదు. ఒంటిగంట నుంచి మూడింటి దాకా ఇసుకలో వాలీబాల్ ఆడింది. చల్లగాలికి ఎండ తెలియలేదు. మన ఛాయ ఉన్నవాళ్లకు సన్‌స్క్రీన్ అక్కర్లేదని ఇంట్లో అనుకోవడం కూడా ఒక కారణం. సాయంత్రానికి భుజాలు ఎర్రగా కమిలి, దుప్పటి తగిలితే అరిచింది. ఆకుపచ్చ శిలువ గుర్తున్న ఫార్మసీలో మందు తెచ్చారు. రెండు రోజులు ఎండలోకి వెళ్లలేదు. సన్‌స్క్రీన్ గురించి నేను లిస్టులో రాశాను, కారణం రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

పెద్దాయనకు బాగా నచ్చింది పొద్దుటి నడక. ఏడింటికే పోనియెంతె నడకదారి మీద వందలమంది ఆయన వయసువాళ్లు. స్పెయిన్ ప్రభుత్వ పథకం ఒకటి ఆఫ్‌సీజన్‌లో పెన్షనర్లను తక్కువ ఖర్చుతో ఇలాంటి ఊళ్లకు పంపిస్తుంది, అందులో బెనిడోర్మ్ పేరు ఎప్పుడూ ఉంటుంది. మూడో రోజుకి ఆయన పలకరించే మనుషులు నలుగురు తయారయ్యారు. ఆయనకు స్పానిష్ రాదు, వాళ్లకు ఇంగ్లీష్ రాదు. మోకాలు చూపించి ముఖం చిట్లిస్తే వాళ్లూ తమ మోకాళ్లు చూపించారట. రెండు బీచుల మీదా నడవలేనివాళ్ల కోసం చెక్క దారి, నీళ్లలోకి తీసుకెళ్లే ప్రత్యేక కుర్చీ, సాయం చేసే మనుషులు ఉన్నారు. ముందే రాసిచ్చినా ఆయన వాటి అవసరం లేదన్నారు. ఐదో రోజు మాత్రం ఆ చెక్క దారి మీదుగా నడిచి వెళ్లి పాదాలు తడుపుకున్నారు.

చూసినవి కొన్నే. ఒక పూట పడవలో ఎదురుగా ఉన్న చిన్న దీవికి. ఒక పూట ట్రామ్‌లో ఆల్తెయా అనే ఊరికి. నీలి గుమ్మటాల చర్చి దాకా ఎత్తు ఎక్కాలి కాబట్టి పెద్దవాళ్లిద్దరూ కింద సముద్రం ఒడ్డున కాఫీ దగ్గర ఉండిపోయారు. విల్లాహొయోసా అనే ఊళ్లో రంగు రంగుల ఇళ్లు, చాక్లెట్ మ్యూజియం. పిల్లలు అక్కణ్నుంచి రానన్నారు. గుఅదలెస్త్ కోట ప్లాన్‌లో ఉంది, ఎవరూ అడగలేదు, నేనూ గుర్తు చేయలేదు.

గురువారం రాత్రి కూతురు, కోడలు లెవాంతె వైపు వెళ్లారు. లైవ్ మ్యూజిక్ విని, పాత ఊరి సందులో తిని, ఒంటిగంటకు నడుచుకుంటూ వచ్చేశారు. వెళ్లేముందు ఒక్కటే చెప్పాను. నడకదారి మీద చిన్న డబ్బాల కింద బఠానీ దాచి పందెం కాసే గుంపు కనబడితే ఆగి చూడొద్దని. గెలిచినట్టు కనబడేవాడు వాళ్ల మనిషే. చూస్తున్నంతసేపూ ఇంకొకడి చెయ్యి మీ బ్యాగులో ఉంటుంది.

తిండి

శాకాహారం అన్న మాట స్పెయిన్‌లో చాలదు. 'సాండ్విచ్ వెజెతాల్' అడిగితే అందులో ట్యూనా చేప, గుడ్డు ఉండొచ్చు. 'ఎన్సలాదా మిక్స్తా' అనే సలాడ్ మీద కూడా ట్యూనా వేస్తారు. కూరగాయల పాయెయా (స్పెయిన్ అన్నం వంటకం) అన్నా అన్నం ఉడికింది చేపల నీళ్లలో కావచ్చు. పెద్దావిడ కోసం ఒక చీటీ రాశాను: మాంసం వద్దు, హామ్ వద్దు, చేప వద్దు, గుడ్డు వద్దు, ఉడికించిన నీళ్లలో కూడా వద్దు, అని స్పానిష్‌లో. పంది మాంసంతో చేసే హామ్‌ను విడిగా రాయాలి, చాలామంది దాన్ని మాంసం కింద లెక్కపెట్టరు. చీటీ చూపిస్తే నూనెలో వేయించిన పచ్చి మిరపకాయలు, టమాటా రుద్దిన రొట్టె, కాల్చిన వంకాయ, క్యాప్సికమ్ వచ్చాయి. ఆ వంకాయ మన కాల్చిన పచ్చడిలా ఉందని, కాస్త ఇంగువ పోపు ఉంటే బాగుండేదని ఆవిడ అన్నారు.

సూపర్‌మార్కెట్‌లో బియ్యం కొనేటప్పుడు ప్యాకెట్ మీద 'లార్గో' అని ఉండాలి. 'రెదోందో' అంటే పొట్టి గింజ, ముద్దవుతుంది. ఎర్రపప్పు దొరుకుతుంది. రోజుకు ఒక పూట ఇంట్లో, ఒక పూట బయట అనుకున్నారు గానీ, నాలుగో రోజు నుంచి రెండు పూటలూ ఇంట్లోనే అయింది. బాల్కనీలో అందరూ కూర్చుని, వేడన్నంలో ఆవకాయ కలిపి అమ్మమ్మ ముద్దలు పెడుతుంటే మాంచెస్టర్ మనవడు మొదటిసారి కారం తిన్నాడని కూతురు వీడియో పంపింది. వాడి కళ్లలో నీళ్లు, చెయ్యి మాత్రం ఇంకో ముద్దకు చాచి ఉంది.

తర్వాత

ట్రిప్ అయిపోయాక ప్రతి ఒక్కరితో విడివిడిగా మాట్లాడటం నా పద్ధతి. అందరిముందూ అడిగితే అందరూ బాగుందనే అంటారు. కొడుకు రైలు సంగతి సూటిగా చెప్పాడు, అది న్యాయం. అమ్మాయి వాటర్ పార్క్‌కు వెళ్లలేకపోయానని బాధపడింది, కమిలిన భుజాల వల్ల. కోడలు పూల్ వెచ్చగా ఉండటమే ట్రిప్‌ను కాపాడిందంది. సముద్రంలో పిల్లలు రోజుకు పది నిమిషాలకు మించి ఉండలేదట. అల్లుడు రెండో అపార్ట్‌మెంట్ కూడా అదే అంతస్తులో ఉంటే బాగుండేదన్నాడు. లిఫ్ట్‌లో గిన్నెలు మోసింది అతనే.

పెద్దాయన ఫోన్ చివర్లో వచ్చింది, ఆయనే చేశారు. "అమ్మా, మళ్లీ అక్టోబరులో మేమిద్దరం వెళ్లాలంటే ఎలా? ఒక నెల రోజులు. పిల్లలు వీలు చూసుకుని వస్తారు." అక్టోబరులో సముద్రం మే కన్నా వెచ్చగా ఉంటుందని, కాకపోతే ఆ తీరంలో కుండపోత వానలు పడేదీ ఆ రోజుల్లోనే అని చెప్పాను. 180 రోజుల్లో 90 రోజుల వరకు ఉండొచ్చు కాబట్టి నెల అనేది ఇబ్బంది కాదని, వీసా మాత్రం మళ్లీ కొత్తగా తీసుకోవాలని చెప్పాను. "మాడ్రిడ్‌లో ముందు ఒక రాత్రి పడుకుందాం" అన్నారాయన, నేను చెప్పకముందే.

ఆ సాయంత్రమే కొత్త ఫైల్ తెరిచాను. మొదటి లైన్లో పెద్దావిడ చెప్పమన్నది రాసుకున్నాను: స్టవ్ ఫోటో అడగాలి.